నీటి మట్టం

రైలు దిగగానే వినిపించింది, కనిపించకముందే.
స్టేషన్లో ఎవరినీ దారి అడగలేదు.
ఆ హోరు వెంబడే నడిచాను.

లీయెంట్స్‌లో జూన్ వాన
కొండల్ని సగానికి కోసి పైముక్కలు దాచేసింది.
వీధిలో సైకిల్ తొక్కుతూ ఒక సన్యాసిని,
బేకరీ మెట్ల మీద తడుస్తూ ఒక కుక్క.

బుర్గి ఇల్లు ఈజెల్ ఒడ్డున, వంతెనకి ఆనుకుని.
తలుపు తీసి "వచ్చావా, ఫీనీ!" అని అరిచింది.
కోపం కాదు. ఆ ఇంట్లో అరిచే మాట్లాడాలి.
పిల్లికి పాలు పోస్తూ అరుస్తుంది,
దేవుడితో కూడా అరిచే మాట్లాడుతుంది.
మంచు కరిగే నెలల్లో గుసగుసలు చెల్లవక్కడ.

అదే నా కష్టం.
నేను తెచ్చిన మాట మెల్లగా చెప్పాల్సింది.

ఫిలాఖ్ ఆసుపత్రి లాండ్రీలో
పదేళ్లు ఒకే ఆవిరి పీల్చినవాళ్లం.
ఎవరెవరివో దుప్పట్లు చెరో కొసా పట్టుకుని
మడతకి ముందుకొచ్చి, వేళ్లు తగిలి, వెనక్కెళ్లేవాళ్లం.
నా కుట్టు దుకాణానికి హామీ సంతకం ఆమెది.
దుకాణం మునిగింది. బ్యాంకు ఆమె తలుపు తట్టింది.
వాళ్లమ్మ ఇచ్చిన కొండవాలు గడ్డినేల అమ్ముకుంది,
నాకో ముక్క రాయలేదు.
ఏరు దాటి తెప్ప తగలేసినదాన్ని,
నేనూ రాయలేదు.
మధ్యలో పదకొండేళ్లు పారాయి.

ఇప్పుడు భోజనం బల్ల దగ్గర
నీళ్లు నములుతున్నాను.
బంగాళదుంప కూరిన క్రాప్‌ఫెన్ మీద వెన్న కాచి పోసి
"తిను, చల్లారితే జిగురవుతుంది!" అని అరిచింది.
పన్నెండు తిన్నాను. లెక్క ఆమే చెప్పింది.

తడిసిన నా కోటు పొయ్యి పక్కన మేకుకి వేలాడుతోంది.
లోపలి జేబులో కవరు, కవర్లో సగం బాకీ.
రాత్రి చెయ్యి పెట్టి చూస్తే
కవరు పెళపెళలాడింది, ఎండిన అప్పడంలా.
ఎవరో తీసి, పొయ్యి మీద ఆరబెట్టి,
ఇస్త్రీ చేసినంత నున్నగా మళ్లీ అక్కడే పెట్టారు.
ఎవరో ఏమిటి,
ఆ చేతులు నాకు తెలియవా!

పొద్దున్న ఏడింటికి గొడుగు నాకిచ్చి బయల్దేరదీసింది.
ఇక్కడికొచ్చాక దొరికిన పని, పదేళ్లుగా:
వంతెన కింద రాతిగోడకి కొలబద్ద,
రోజూ నీటి మట్టం చూసి రాయాలి.
బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఈజెల్
దాన్ని నాకుతూ పోతోంది.

"ఆ మలుపు దాటాక డ్రావులో కలుస్తుంది.
నీళ్లు దీనివే ఎక్కువ.
కలిశాక పేరు మాత్రం దానిదే!"
"అన్యాయం కదా!" అన్నాను.
"ఎవరికి?" అంది. ఆ ఒక్కమాటే అరవకుండా అంది.
పెదాలు చూసి పోల్చుకున్నాను.

నోటుబుక్కు నా చేతిలో పెట్టి "నువ్వు చూసి రాయి" అంది.
కళ్లజోడు నిండా చినుకులు. వంగి చూసి రాశాను:
నూట నలభై రెండు.
నా భుజం మీంచి కొలబద్ద చూసింది.
అంకె చూసింది. మళ్లీ కొలబద్ద చూసింది.
పదేళ్ల పేజీల్లో ఒక్క కొట్టివేత లేని మనిషి.
రబ్బరు ఏప్రన్ జేబులోంచి తల బయటపెట్టి ఉంది.
పుస్తకం మూసి చంకలో పెట్టుకుని
"కాఫీ!" అని అరిచింది.

కవరు వెన్నగిన్నె కింద పెట్టాను. చూస్తూ ఊరుకుంది.
మిగతా సగం నవంబరుకి అన్నాను. అరిచే అన్నాను.
అంత గట్టిగా చెబితే క్షమాపణ
కూరగాయల బేరంలా ఉంటుందని ఎవరనుకున్నారు!
పిల్లి లేచి వేరే గదిలోకి పోయింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కనే డ్రావు.
టికెట్ అడిగిన కుర్రాడికి
"ఫిలాఖ్!" అని కేకేశాను.
పెట్టెలో అందరూ తలలు తిప్పారు.
ఎంత సర్దుకున్నా
ష్పిట్టల్ దాటేదాకా గొంతు దిగలేదు.